పాలు పడుకోబెట్టే వేళ

బాయ్‌బుర్ట్‌లో నా మందుల షాపు
చోరూహ్ వంతెనకి ఆనుకునే ఉంటుంది.
రాత్రి డ్యూటీ వారానికి ఒక్కసారే నాకు.
ఆ ఒక్క రాత్రీ తప్పకుండా వస్తాడు
బెద్రెత్తిన్.

ముప్ఫై ఒక్క ఏళ్ళు లారీ నడిపాడు,
ట్రాబ్జోన్ రేవు నుంచి గుర్బులాక్ సరిహద్దు దాకా.
రిటైరయ్యి ఎనిమిది నెలలు.
కన్ను మాత్రం ఇంకా డ్యూటీ దిగలేదు.

"నిద్ర బిళ్ళ ఒక్కటివ్వు, అమ్మాయీ."
"చీటీ ఏదీ?"
"చీటీ రాసేవాడు పడుకున్నాడు."
"అదృష్టవంతుడు," అన్నాను.

ఆ రాత్రి కౌంటరు మీద మోచేతులు ఆనించి
తన వృత్తి రహస్యం చెప్పాడు.
దారి పక్క హోటల్లో, కబాబు పళ్ళెం పక్కన
రాగి గ్లాసులో నురగలు కక్కే అయ్రాన్ పెడితే,
అదే, మన ఉప్పు మజ్జిగ,
వేలితో అవతలికి నెట్టేసేవాడట.
"అది తాగినవాడు కోప్ కనుమ దాటడు.
షెమ్సీగాడికి మూడో మలుపులోనే రెప్ప వాలింది.
వాడి బండిని మంచులోంచి లాగడానికి
రెండు క్రేన్లు కావాల్సొచ్చాయి."
ముప్ఫై ఒక్క ఏళ్ళు పెరుగు చుక్క ముట్టకుండా
డీజిల్ రంగు టీ మీద బతికాడు.

నవ్వు ఆపుకుని,
"మరి ఇప్పుడు తాగొచ్చుగా?" అన్నాను.
నా వంక చూశాడు,
రివర్స్ గేరు పడని బండిలా.

చదువుకున్నదాన్ని, చెప్పబోయాను:
పెరుగులో ట్రిప్టోఫాన్ ఉంటుంది, కాల్షియం ఉంటుంది,
పేగుల్లో కాపురముండే కోటానుకోట్ల చిన్న ప్రాణులు
మెదడుకి కబుర్లు పంపుతాయంటారు.
ఎన్ని పంపుతాయో, ఎన్ని చేరతాయో
గట్టిగా చెప్పగలవాళ్ళు నాకింకా తగల్లేదు.
ఇన్ని చెంచాలకి ఇన్ని గంటలని
ఏ గిన్నె మీదా రాసి ఉండదు.
అదంతా మింగేసి
"మీ ఆవిడ ఇంట్లోనే తోడేస్తుందా?" అన్నాను, అంతే.

మరుసటి వారం అతను రాలేదు.
మోకాళ్ళ నొప్పి మందు కోసం నజ్మియే వచ్చింది,
చంకలో ఒక సీసాతో.

మా వైపు పాలు తోడుకోవు, నిద్రపోతాయి.
"పాలు పడుకోబెట్టాను" అంటుంది ఏ ఇల్లాలైనా.
చిటికెన వేలు ముంచి ఏడు లెక్కపెట్టగలిగేంత వేడి,
నిన్నటి పెరుగు ఒక చెంచా,
పైన మూత, మూత మీద ఉన్ని దుప్పటి.
ఇక ఆ గదిలో
తలుపు కూడా గట్టిగా వెయ్యకూడదు.

ఆ రాత్రి మొగుడితో అందట:
"నీకెలాగూ కన్నంటుకోదు.
దీనికి కాపలా ఉండు.
కదిపావో, నీళ్ళొదిలేస్తుంది."

ఇరవై టన్నుల గాజుపలకలు
ఒక్కటీ బీటవారకుండా దింపినవాడు
రెండు లీటర్ల పాల పక్కన కూర్చున్నాడు.
వేడి ఎంతుందోనని దుప్పటి కింద చెయ్యి పెట్టాడు.
తియ్యలేదు.
"ఆపేసిన ఇంజను కూడా ఇలాగే ఉంటుంది నజ్మియే,"
అన్నాడట చీకట్లో,
"బయటికి ఊరికే ఉన్నట్టు."

తెల్లారి ఆవిడ లేచేసరికి
దుప్పటి సగం గిన్నె మీద, సగం అతని మీద.
ముందు గిన్నె వంచి చూసింది.
గడ్డలా పేరుకుంది, పైన వేలి మందాన మీగడ.
తర్వాత అతన్ని చూసింది.
వంచి చూడలేదు.

గమనించారా,
అప్పటికింకా ఒక్క చెంచా నోట్లో పెట్టుకోలేదు.
నా చదువుకి ఈ సంగతి ఎందుకూ కొరగాదు.
లేచాక మాత్రం ఎండు పుదీనా చల్లుకుని
రెండు గిన్నెలు తిన్నాడట,
ముప్ఫై ఒక్క ఏళ్ళ బాకీలో మొదటి వాయిదా.
మధ్యాహ్నం మళ్ళీ గుర్రు.
"ఇప్పుడు నాకు నిద్ర లేదు," అంది నజ్మియే,
"ఆ చప్పుడికి."

సీసా నాకని వదిలి వెళ్ళింది.
ఫ్రిజ్‌లో ఇన్సులిన్ పక్కన పెట్టాను.
డ్యూటీ ఇంకా నాలుగు గంటలుంది.
మూత తియ్యలేదు.
ఈ కనుమ నేనూ దాటాలి కదా.